ఇంటర్ పిల్లలకు గ్రౌండు ఏదీ?

సంపాదకుడు గారికి,

విజయవాడలో కొత్తగా పార్కు అంటే వాకింగ్ ట్రాక్, పెద్దవాళ్లకు ఓపెన్ జిమ్. సంతోషమే, పొద్దున్నే నేనూ అక్కడే నడుస్తాను. కానీ ఎముకలు గట్టిపడే వయసు మాది కాదు. జీవితాంతం పనికొచ్చే ఎముక బలంలో దాదాపు 90 శాతం 20 ఏళ్లలోపే సమకూరుతుంది. ముప్పై దాటాక ఉన్నది కాపాడుకోవడమే. ఆడవాళ్లకైతే నెలసరి ఆగిపోయిన తొలి కొన్నేళ్లలో అది ఇంకా వేగంగా తరిగిపోతుంది.

సరిగ్గా ఆ బలం కూడబెట్టుకోవాల్సిన ఇంటర్ వయసులోనే పిల్లల్ని తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా హాస్టల్ బెంచీల మీద కూర్చోబెడుతున్నాం. "రెండేళ్లు ఓపిక పట్టు, ఈఏపీసెట్ అయ్యాక ఆడుకోవచ్చు" అంటాం. ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ ఉంది. ఎముకలకు లాంగ్ టర్మ్ కోచింగ్ లేదు.

పాలు, రాగి జావ ఇస్తున్నాం కదా అంటారు తల్లిదండ్రులు. ఇవ్వాల్సిందే. అయితే ఎముక మీద బరువు పడి, కండరం దాన్ని లాగితేనే లోపలి కణాలు కొత్త ఎముకను పేరుస్తాయి. టెన్నిస్ ఆడేవారికి రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా మందంగా ఉంటుంది. ఒంటి బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి, వెన్ను ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. ఈత, సైకిల్ గుండెకు మంచివే గానీ, మన బరువు నీళ్లో సీటో మోస్తుంది కాబట్టి ఎముకకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎగిరి దూకే ఆటలు కావాలి: కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, తాడాట. ఒంటికాలి మీద గెంతే తొక్కుడుబిళ్ల ఇందుకు ఎంతో మేలు, ఖర్చు ఒక పెంకు ముక్క. వీధిలో బండి పెట్టడానికే చోటు లేనప్పుడు గళ్లు గీసేదెక్కడ!

బెజవాడ ఎండల్లో విటమిన్ డి లోపమా అని నవ్వుకోవచ్చు. గది దాటని పిల్లలకు ఆ ఎండ ఎలా తగులుతుంది? ఎండ తగలక విటమిన్ డి లేకపోతే తాగిన పాలలోని కాల్షియం ఒంటికి సరిగా పట్టదు.

5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, వారానికి కనీసం మూడు రోజులు కండరాలు, ఎముకలు గట్టిపడే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియానికి అందరూ వెళ్లలేరు. బడి వదలగానే తాళం పడే మున్సిపల్ స్కూళ్ల గ్రౌండ్లను సాయంత్రం పూట పేటలోని పిల్లలకు తెరవండి, ఒక పీఈటీని పెట్టండి. ఆడపిల్లలకు విడిగా వేళ కేటాయిస్తే ఇంట్లో పంపడానికి జంకరు. ఇక ఇంటర్ బోర్డు అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కాలేజీవాళ్లు చూపించే గ్రౌండు కాగితాలతో సరిపెట్టుకోకుండా, సాయంత్రం అయిదింటికి ఆ గ్రౌండులో పిల్లలున్నారో లేదో చూసి సంతకం పెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ