సింగపూర్ నుంచి నాన్నగారికి

నాన్నగారూ,

తమ్ముడు డెంగీ నుంచి కోలుకుని కాలేజీకి వెళ్తున్నాడని అమ్మ చెప్పాక టెన్షన్ తగ్గింది. "ఎలుకలకి రోగం అంటించి ఏం చేస్తారమ్మా?" అని ఫోన్‌లో అడిగారు కదా. అప్పుడు ల్యాబ్‌లో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను.

మామూలు చిట్టెలుకకి డెంగీ అంతగా పట్టదు. మన ఒంట్లో వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ పని సాగాలంటే స్టాట్2 అనే ప్రోటీన్ ఉండాలి. డెంగీ వైరస్ మనుషుల స్టాట్2ని నాశనం చేస్తుంది, ఎలుకది దానికి లొంగదు. అందుకే ఇంటర్‌ఫెరాన్‌ని అందుకునే గ్రాహకాలు లేని ఏజీ129 అనే ఎలుకల్ని వాడతాం. వాటికి జబ్బు ముదిరితే బొచ్చు రేగి, నడుం వంచుకుని మూల కూర్చుంటాయి. రక్తంలోకి ఇవాన్స్ బ్లూ అనే నీలిరంగు ఎక్కిస్తే, ఆరోగ్యంగా ఉన్నదాంట్లో అది నాళాల్లోనే ఉంటుంది. జబ్బుదాని పేగులూ కాలేయం నీలంగా మారతాయి. రక్తనాళాలు కారుతున్నాయన్నమాట. చూసిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది నాన్నగారూ, కానీ మనుషుల్లో ప్రాణం తీసేదీ ఆ కారడమే.

డెంగీలో 4 రకాలున్నాయి. ఒకటి వచ్చి తగ్గితే మళ్ళీ అదే రకం రాదు. వేరే రకం వస్తే మాత్రం పాత యాంటీబాడీలు వైరస్‌ని చంపలేక, చేయిపట్టుకుని ఇంట్లోకి తెచ్చినట్టు కణాల్లోకి చేర్చే ప్రమాదం ఉంది. ముందుగా యాంటీబాడీలు ఇచ్చిన ఎలుకల్లో, చిన్నపాటి ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణాంతకమవుతుందని 2010లో అమెరికాలో రెండు బృందాలు చూపించాయి. ఎలుకలో జరిగిందంతా మనిషిలో జరగాలని లేదు, రెండోసారి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మామూలుగానే కోలుకుంటారు. అయినా తమ్ముడి విషయంలో ఇకపై జాగ్రత్త.

మళ్ళీ జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పిమాత్రా వద్దు. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే బొప్పాయి ఆకు రసం తాగిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ప్లేట్‌లెట్లు ఒక్కటే కాదు, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, పెరుగుతోందా అని కూడా డాక్టర్ని అడగండి.

దింపు అయ్యాక తోటలో పడేసిన కొబ్బరి చిప్పల్ని బోర్లించమని పనివాళ్ళకి చెప్పండి. కుడితి గోలెం వారానికోసారి ఒంపేస్తే చాలదు, లోపలి గోడలు పీచుతో రుద్దించండి. గోడలకి అంటుకున్న డెంగీ దోమ గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి.

అమ్మకి నమస్కారాలు.

మీ పెద్దమ్మాయి