నల్గొండ ఎండకు కరిగిపోతున్న స్ఫటికాలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీలు కాగితాలకే పరిమితమవుతున్నాయని, వాటి వల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదని ఈ మధ్య చాలామంది అంటున్నారు. నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ మాటలో సగం నిజమే. మిగతా సగం ఏమిటో మొన్న మే నెలలో మా మేనకోడలి ల్యాబులో కళ్లారా చూశాను.

ఆ అమ్మాయి దక్షిణ తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో నాన్‌లీనియర్ ఆప్టికల్ గుణాలున్న ఆర్గానిక్, అంటే కార్బన్ అణువులతో తయారైన, స్ఫటికాల మీద పని చేస్తోంది. పేరుకు నోరు తిరగదు గానీ సంగతి మరీ అంత కష్టమేం కాదు. మామూలు గాజులోంచి ఎర్రటి వెలుతురు పంపితే అవతల ఎర్రటి వెలుతురే వస్తుంది. కొన్ని స్ఫటికాల్లోకి బలమైన లేజర్ కాంతిని పంపితే మాత్రం రెండు కాంతి కణాలు కలిసి ఒకటవుతాయి. శక్తి రెట్టింపవుతుంది, తరంగదైర్ఘ్యం సగమవుతుంది, రంగే మారిపోతుంది. చెర్వుగట్టు జాతరలో పిల్లలు కొనిపించుకునే ఆకుపచ్చ లేజర్ లైట్లు చాలావాటిలో జరిగేది ఇదే. లోపల పుట్టేది కంటికి కనపడని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. ఒక చిన్న స్ఫటికం దాన్ని 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మార్చి బయటికి వదులుతుంది.

దీన్ని మొదట చూసింది 1961లో, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో. పీటర్ ఫ్రాంకెన్ బృందం రూబీ లేజర్ ఎర్రటి కాంతిని క్వార్ట్జ్‌లోకి పంపితే, సగం తరంగదైర్ఘ్యంతో వచ్చిన అతినీలలోహిత కాంతి ఫొటో ప్లేటు మీద చిన్న చుక్కగా పడింది. ఆ వ్యాసం అచ్చువేసిన పత్రికవాళ్లు చుక్కను మరక అనుకుని చెరిపేశారట. బాణం గుర్తు మిగిలింది, అది చూపించాల్సిన చుక్క పోయింది. సంపాదకుడు గారూ, ఇది మీ మీద విసురు కాదు.

ఆర్గానిక్ పదార్థాల దగ్గర ఇంకో చిక్కుంది. అణువులో ఒక చివర ఎలక్ట్రాన్లను ఇచ్చే గుంపు, రెండో చివర లాగే గుంపు ఉంటే కాంతికి బాగా స్పందిస్తుంది. పారా నైట్రోఅనిలీన్ అలాంటిదే, విడి అణువుగా గట్టి పిండం. కానీ స్ఫటికంగా పేరుకునేటప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు తలపెట్టి పడుకుంటాయి. ఎద్దులను ఎదురెదురు ముఖాలుగా కాడికి కట్టినట్టు ఒకదాని బలాన్ని ఒకటి మింగేస్తుంది, రంగు మారదు. అదే అణువుకు పక్కన ఒక మిథైల్ గుంపు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) తగిలిస్తే ఆ పేర్పు చెదిరిపోయి, స్ఫటికం అదరగొడుతుంది. ఆ చిన్న మార్పు ఎక్కడ చేయాలో వెతకడమే ఈ పరిశోధనలో సగం పని.

మనవాళ్లకు బాగా తెలిసిన యూరియా కూడా ఈ కోవలోదే. ఏ కొత్త పొడి ఎంత బాగా రంగు మారుస్తుందో చెప్పాలంటే 'యూరియాకు ఇన్ని రెట్లు' అని కొలవడం ఉంది. సహకార సంఘం ముందు తెల్లవారుజామున చెప్పులు లైన్లో పెట్టి మన రైతు ఎదురుచూసే యూరియా, ల్యాబులో కొలబద్ద. బస్తాల్లో వచ్చేది వేపనూనె పూసినది, ల్యాబుకు కావాల్సింది శుద్ధమైనది, అంతే తేడా.

ఇక మే నెల సంగతి. స్ఫటికం పెంచడం పటికబెల్లం కట్టడం లాంటిదే. పదార్థాన్ని కరిగించి, వడపోసి, బీకరు మూతికి సన్నటి రంధ్రాలున్న కాగితం బిగించి, ఒకే వేడిలో ఉండేలా వాటర్ బాత్ అనే వేడినీళ్ల తొట్టిలో పెట్టి, దారానికి ఒక చిన్న గింజ స్ఫటికం వేలాడదీస్తారు. ద్రావకం మెల్లగా ఆవిరవుతుంటే గింజ మీద పొర మీద పొర పేరుకుంటుంది. వారాలు పడుతుంది. తొందరపెడితే పగుళ్లు. మా అమ్మాయి 38 డిగ్రీలకు పెట్టింది. ఆ బాత్‌లో వేడి చేసే కాయిల్ ఉంది గానీ చల్లార్చేది లేదు. ల్యాబేమో పై అంతస్తు, నెత్తిన స్లాబు, ఏసీ లేదు. మధ్యాహ్నానికి గదే 41 దాటితే 38 అని నొక్కిన మీటకు అర్థమేముంది? ద్రావణం వేడెక్కింది, పేరుకున్నది తిరిగి కరగడం మొదలైంది. నేను వెళ్లేసరికి స్ఫటికం అంచులు నోట్లో చప్పరించి తీసిన పటికబెల్లం ముక్కలా గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. ఆ రాత్రి గాలివాన, కరెంటు పోయింది, ద్రావణం చల్లారింది. తెల్లారి చూస్తే బీకరు అడుగున చక్కెర ఒలికినట్టు సన్న పలుకులు. ఇరవై నాలుగు రోజుల పని.

"తడి గోనె సంచి కూడా చుట్టి చూసిన మామయ్యా, ఆగలే" అంది.

విశ్వవిద్యాలయం పేరు రాయను, ఆ అమ్మాయికి ఇంకా వైవా, అంటే పీహెచ్‌డీ ఆఖరి మౌఖిక పరీక్ష, ఉంది. పైగా ఇది ఏ ఒక్క చోటి కథో కాదు.

సరే, కష్టపడి స్ఫటికం పెంచారనుకుందాం. అది నిజంగా ఏమిటో తేలాలంటే లోపల అణువులు ఎలా పేరుకున్నాయో చూపించే సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌రే పరీక్ష కావాలి. రంగు మారుస్తుందో లేదో చూడాలంటే క్షణంలో చిన్న భాగం పాటు బలమైన కాంతిని వదిలే పల్స్ లేజర్ కావాలి. అక్కడ రెండూ లేవు. కుంకుమ భరిణెలో దూది పరిచి స్ఫటికాలు పెట్టుకుని రాత్రి రైల్లో బెంగళూరు వెళ్లొచ్చింది. హైదరాబాద్‌లో ఇచ్చిన శాంపిల్ వంతు రావడానికి నెలలు పట్టింది. పరీక్ష ఫీజు స్కాలర్‌షిప్‌లోంచే, ఆ స్కాలర్‌షిప్ రావడమూ నెల నెలా కాదు.

ఇలాంటి చోట ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పరీక్ష సరిగా చేయకుండానే 'కొత్త స్ఫటికం' అని పేపరు రాసేస్తారు. మన దేశం నుంచి వచ్చిన అలాంటి 'కొత్త' స్ఫటికాలు ఎన్నో నిజానికి కొత్తవి కావని, కలిపిన రెండు పదార్థాల్లో ఒకటే మళ్లీ గడ్డకట్టి బయటికి వచ్చిందని గోవా విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యులు ఒకరు ఏళ్ల తరబడి ఒక్కొక్క పేపరుకూ జవాబు రాస్తూ చూపించారు. సిగ్గుపడాల్సిన విషయమే. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అన్న షరతు తీసేసింది గానీ, ఉద్యోగానికీ ప్రమోషన్‌కూ లెక్క ఇప్పటికీ ఎన్ని పేపర్లన్నదే. పేపర్లు లెక్కపెట్టేవాళ్లు ఒక్కసారి కరెంటు ఎన్ని గంటలు పోయిందో కూడా లెక్కపెడితే బాగుండు.

తాగునీళ్లు, రోడ్లు ఉండగా ఈ స్ఫటికాల గోల ఎందుకని మా వాకింగ్ మిత్రుడు ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంటర్నెట్ సమాచారాన్ని వెలుతురు మీద ఎక్కించే మీటల్లో, పేలుడు పదార్థాలను పసిగట్టగల టెరాహెర్ట్జ్ కిరణాలు (మైక్రోవేవ్‌కూ పరారుణానికీ మధ్యవి) పుట్టించడంలో ఆర్గానిక్ పదార్థాలకు మంచి పేరుంది. మెత్తగా ఉంటాయి, వేడికి తట్టుకోలేవు అన్న లోపాలూ ఉన్నాయి, కాదనను. 2023లో కేంద్రం 6,003 కోట్లతో ఆమోదించిన క్వాంటమ్ మిషన్‌కు (కొత్త తరహా కంప్యూటర్లు, రహస్య సమాచార మార్పిడి కోసం పెట్టింది) కావాల్సిన జంట కాంతి కణాలను పుట్టించేదీ ఎక్కువగా నాన్‌లీనియర్ స్ఫటికాలే. కేబీబీఎఫ్ అని, లేజర్ కాంతిని లోతైన అతినీలలోహిత కాంతిగా మార్చే ఒక స్ఫటికం ఉంది, ఆర్గానిక్ కాదు. దాన్ని పెంచడం నేర్చిన చైనా, 2009 నాటికే బయటి దేశాలకు ఇవ్వడం ఆపేసింది. స్ఫటికం పెంచడం చేతనైతే ఎంత పట్టు వస్తుందో చూడండి.

మనకైతే ఇంకో జ్ఞాపకం ఉండాలి. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని లోకమంతా 'నల్గొండ టెక్నిక్' అంటుంది. తయారు చేసింది నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ). పేరు మనది, ల్యాబు వేరేవాళ్లది. వాళ్ల మేలు మరచిపోలేం గానీ, ఎప్పటికీ అలాగే ఉండిపోవాలా?

నేను అడిగేది కొత్త భవనం కాదు. శిలాఫలకం అసలే వద్దు. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. రెండింటికీ కలిపి ఒక ఎక్స్‌రే పరికరం, ఒక పల్స్ లేజర్ ఇప్పించండి. ఎక్కడ పెట్టాలన్న కొట్లాట వద్దు, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు. డిగ్రీ కాలేజీ పిల్లలకూ తలుపు తెరవాలి. వాటిని నడిపే టెక్నీషియన్‌ను పర్మినెంటుగా వేయాలి, లేకపోతే రెండేళ్లలో గుడ్డ కప్పి మూలన పెడతారు. అలా కప్పిన పరికరాలు నా సర్వీసులో చాలా చూశాను. 2023లో చట్టం చేసి పెట్టిన జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఐదేళ్లలో 50,000 కోట్ల లక్ష్యం చెప్పుకుంది. అందులో మన వాటా అడగడానికి మన ఎంపీలు, ఉపకులపతులు కలిసి ఒక్క అర్జీ రాస్తే చాలు.

అంతకన్నా ముందు, వచ్చే ఎండాకాలం లోపు, స్ఫటికాలు పెంచే ప్రతి ల్యాబుకూ నీటిని చల్లార్చే ఒక చిల్లర్ యంత్రం, రాత్రంతా నిలిచే యూపీఎస్. దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, రిజిస్ట్రార్ గారి సంతకం సరిపోతుంది.

మా అమ్మాయి దసరా దాటాక, ఎండ తగ్గాక మళ్లీ ద్రావణం పెట్టింది. దీపావళికి ఇంటికి రమ్మంటే, బీకరు వదిలి రాలేనంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
నల్గొండ