తలకి హెల్మెట్ సరే, లారీకి గార్డు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

హెల్మెట్ తనిఖీల మీద పోయిన వారం మీ విశాఖ పేజీలో వచ్చిన వార్తా, ఆ తర్వాత పాఠకులు రాసిన ఉత్తరాలూ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ఉత్తరాల సారమంతా ఒక్కటే: కుర్రాళ్లు మాట వినరు, హెల్మెట్ పెట్టరు, అందుకే పోతున్నారు. తీర్పు చెప్పేశారు, ఫైలు మూసేశారు.

హెల్మెట్ వద్దని ఎవరన్నారు? 2024 సెప్టెంబర్ 1 నుంచి నగరంలో వెనక కూర్చున్నవాళ్లకీ తప్పనిసరి చేశారు, లేకపోతే 1,035 రూపాయలన్నారు, మంచిదే. ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మకూడదని 2021 జూన్ 1 నుంచి నిషేధం ఉన్నా హైవే పక్కన తాళ్లకి వేలాడదీసి అమ్ముతూనే ఉన్నారు. అదీ పక్కన పెడదాం. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారమే 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. వీళ్లని గుద్దినవీ, తొక్కినవీ ఏ బళ్లు, వాటికి ఏముండాలి, ఏం లేదు అన్నది ఎవరికీ పట్టదు. షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా పోర్టు రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లని అడగండి. ట్రైలర్ వెనక చక్రం కింద పడితే ఖరీదైన హెల్మెట్టయినా ఒకటే, బోడితలైనా ఒకటే.

నలభై అడుగుల కంటైనర్ ట్రైలర్ ఎడమకి తిరగాలంటే డ్రైవర్ ముందు కొంచెం కుడికి లాగుతాడు. లాగకపోతే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. అలా లాగగానే ఎడమ పక్కన ఖాళీ తెరుచుకుంటుంది. బైకు మీదున్నవాడు తనకే దారి ఇచ్చాడనుకుని అందులోకి దూరతాడు. ఇంతలో ట్రైలర్ ముక్కు ఎడమకి తిరుగుతుంది. ముందు చక్రాలు నడిచిన దారిలో వెనక చక్రాలు నడవవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడుగైతే అంత లోపలికి. ఫుట్‌పాత్‌కీ ట్రైలర్‌కీ మధ్య జాగా చూస్తుండగానే మాయమవుతుంది. హ్యాండిల్ తగిలి బైకు పడిందా, మనిషి పడేది ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య బోలుగా ఉన్నచోట.

డ్రైవర్‌కి కనిపించదా అంటే, నిజంగానే కనిపించదు. సీటు కుడివైపు, క్యాబిన్ ఎత్తు. ఎడమ తలుపుని ఆనుకుని ఉన్న బైకూ, ముందు బంపర్ ఎడమ మూలన ఆగిన బైకూ ఆయన కళ్లకి నేరుగా అందవు, అద్దమే గతి. పెద్ద అద్దం వెనక దూరాన్ని చూపిస్తుంది. దాని పైన ఉండే ఉబ్బెత్తు అద్దం ముందు చక్రాన్నీ, తలుపు కింద నేలనీ చూపించాలి. దాన్ని సరిచేయడానికి ఇద్దరు చాలు. ఒకరు సీట్లో కూర్చుంటే ఇంకొకరు ముందు ఎడమ తలుపు పక్కనా, తర్వాత బంపర్ మూలనా నిలబడాలి. రెండుచోట్లా మనిషి అద్దంలో కనబడేదాకా తిప్పి నట్టు బిగించాలి. టీ తాగేంతసేపు పట్టదు. మన లారీలకి ఆ అద్దం ఉంటే పగిలి ఉంటుంది, లేదా ట్యూబు ముక్కతో కట్టేసి ఆకాశం చూస్తుంటుంది. ముందు గాజుకి పైన దేవుడి పేరు, మూలన నిమ్మకాయలూ మిరపకాయలూ, నల్ల కుచ్చులు. ఒకప్పుడు ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి ‘రానీ రానీ, ఆపాపు’ అని అరిచే క్లీనరన్నా ఉండేవాడు. జీతం దండగని చాలా బళ్లలో అతన్నీ తీసేశారు.

ఇక పక్క గార్డు. రెండు జతల చక్రాల మధ్య బోలుని మూసే అడ్డ కమ్మీలివి. కేంద్ర మోటారు వాహన నియమం 124 కింద పక్కలకి ఐఎస్ 14682, వెనక్కి ఐఎస్ 14812 ప్రమాణాలు ఎప్పటినుంచో ఉన్నాయి. గార్డు కింది అంచు నేల నుంచి 550 మిల్లీమీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు, అంటే రెండడుగుల లోపే. చివరలు చక్రాలకి దగ్గరగా రావాలి. చేత్తో తోస్తే ఊగేది గార్డు కాదు, అలంకారం. మీ ఫొటోగ్రాఫర్‌ని పోర్టు రోడ్డు మీద ఒక గంట నిలబెట్టండి. ఒకదానికి నడుమెత్తున ఒంటి పైపు. ఇంకోదానికి గార్డు ఉంది గానీ దాని మీద వంట సామాను పెట్టె, నీళ్ల డబ్బా ఎక్కించి వంగదీసేశారు. మరోదానికి బ్రాకెట్లు మిగిలాయి, కమ్మీలు లేవు.

యజమానుల బాధ లేదనను. టిప్పర్ క్వారీలో ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక గార్డు నేలకి రాసుకుంటుంది, అన్‌లోడింగులో కంకర దాని మీదే పడి వంగుతుంది. పక్క గార్డు ఉంటే స్టెప్నీ దించడం, గ్రీజు కొట్టడం కష్టం. అందుకే పైకి మడిచి పిన్ను పెట్టే వెనక గార్డులు, బందుల మీద తెరుచుకునే పక్క గార్డులు వచ్చాయి. అవి పెట్టుకోరు, ఉన్నవి కోసేస్తారు.

మరి బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎఫ్‌సీ, ఎలా వస్తోంది? ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా చేయించాలి. ఏ లారీ షెడ్డులో వెల్డర్నడిగినా చెబుతాడు. ఎఫ్‌సీకి ముందురోజు గార్డు బిగుస్తుంది, కొత్త అద్దం వస్తుంది, రేడియం టేపు తళతళలాడుతుంది. కాగితం చేతికందాక గార్డు షెడ్డుకి తిరిగొస్తుంది, మర్నాడు ఇంకో బండికి ఎక్కడానికి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు ఇది ఎరగరా? ఎరగకపోతే ఆ ఉద్యోగం ఎందుకు, ఎరిగీ సంతకం పెడితే ఆ సంతకం ఎందుకు?

రాత్రి కూర్మన్నపాలెం దాటాక లంకెలపాలెం వైపు హైవే అంచున ఆపేసిన లారీలది ఇంకో కథ. వెనక దీపాలు వెలగవు, వెలిగినా మట్టి. రేడియం టేపు వెనక ఎరుపు, పక్కలకి పసుపు, ముందు తెలుపు ఉండాలి. ఉన్నా బురద పట్టాక వెలగదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు, తుడవరు. ఎర్ర త్రికోణం పెట్టాల్సిన చోట చెట్టు కొమ్మలూ రాళ్లూ. రిపేరయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి, తర్వాతి స్కూటరు కోసం. వెనక గార్డు లేని లారీని గుద్దితే బైకు కిందకి దూరిపోతుంది, బాడీ అంచుకి తగిలేది మనిషి ఛాతీ, తలా.

ఇదంతా లారీల గొడవేలే అని కార్లవాళ్లు నిశ్చింతగా ఉండక్కర్లేదు. షోరూముల్లో ఐదు నక్షత్రాల గురించి తెగ చెబుతున్నారు. కార్లని గుద్దించి చూసే పరీక్ష, 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్, దాని నక్షత్రాలు కారు లోపలున్న పెద్దలకీ పిల్లలకీ దక్కే రక్షణని బట్టి ఇచ్చేవి. బయట బైకు మీదున్నవాడి కోసం లెక్కగట్టినవి కావు. యూరప్‌లో ఇలాంటి పరీక్షే అయిన యూరో ఎన్‌క్యాప్ మాత్రం 2023 నుంచి, కారు దానంతటదే బ్రేకు వేస్తుందా లేదా అని బైకు బొమ్మని అడ్డుపెట్టి కూడా చూస్తోంది. మనవాళ్లు రాడార్, కెమెరాలతో ముందే హెచ్చరించే అడాస్ ఉన్న కారు ఎక్కువ డబ్బు పోసి కొంటారు, సత్యం జంక్షన్‌లో నాలుగుసార్లు బీప్‌మనగానే దాన్ని ఆపేస్తారు. టింకరింగ్ షాపులో బంపర్ విప్పినా, ముందు గాజు మార్చినా రాడార్, కెమెరా గురి మళ్లీ సరిచూడాలి. గురి ఒక్క డిగ్రీ తప్పితే 50 మీటర్ల దూరంలో దాదాపు మీటరు పక్కకి పోతుంది. బైకు వెడల్పు అంతకంటే ఎక్కువుండదు.

సెన్సార్లేమీ లేని కారులోనూ చేయగలిగినవున్నాయి. ముందు గాజు పక్క స్తంభం వెనక ఒక బైకు మొత్తం దాక్కోగలదు, కాబట్టి తిప్పే ముందు తల ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి. సన్నగా ఉన్న బండి ఉన్నదానికంటే దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది, ‘దూరంగా ఉన్నాడులే’ అని యూటర్న్ కొట్టేది అందుకే. ఇక ద్వారకానగర్, డాబాగార్డెన్స్‌లో ఆపిన కారు తలుపు ధడాలున తీయడం. కుడి తలుపుని ఎడమ చేత్తో తీయండి. నడుము దానంతటదే తిరుగుతుంది, అద్దమూ వెనక రోడ్డూ కళ్లబడతాయి. లైసెన్సు పరీక్షలో ఈ ఒక్కటి అడిగినా కొందరు బతికేవారు. ఎనిమిది అంకె వేయించి పంపేస్తారు.

బైకుల వైపు లోపాలు లేవా, ఉన్నాయి. 125 సీసీ దాటిన వాటికి 2019 ఏప్రిల్ నుంచి, బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి, అంతలోపు వాటికి సీబీఎస్ చాలన్నారు. సీబీఎస్ బ్రేకుని రెండు చక్రాలకీ పంచుతుంది, చక్రం బిగుసుకుపోకుండా మాత్రం ఆపదు. బొగ్గు పొడి మీద చినుకులు పడ్డ రోడ్డులో ముందు చక్రం బిగుసుకుంటే ఇక పడడమే. అన్నిటికీ ఏబీఎస్ అని 2025 జూన్‌లో కేంద్రం ముసాయిదా తేగానే ధర పెరుగుతుందని గోల. ఏబీఎస్ ఉన్నవాళ్లు దాని దీపం చూసుకోవాలి. తాళం తిప్పగానే వెలిగి, బండి కదిలాక ఆరాలి. ఆరకపోతే ఏబీఎస్ పనిచేయడం లేదని అర్థం, మెకానిక్ ‘పర్లేదన్నా, నడుస్తది’ అన్నా సరే. చాలాసార్లు చక్రం దగ్గర సెన్సార్‌కి మట్టి పట్టి ఉంటుంది, అంతే.

జనవరి వస్తే రోడ్డు భద్రతా ఉత్సవాలు. యముడి వేషంలో ఒకాయన మద్దిలపాలెంలో హెల్మెట్ లేని కుర్రాడి మెడలో పాశం వేస్తాడు, ఫొటో దిగుతారు. ఆ వెనకే గార్డు లేని టిప్పర్ సాఫీగా పోతుంది. దాన్ని యముడూ ఆపడు, ఎస్సైగారూ ఆపరు. రోడ్డు నిర్మాణం, నిర్వహణ లోపం వల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరుకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019 సవరణ చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది. విశాఖలో ఎందరికి వేశారో హెల్మెట్ చలానాల లెక్క పక్కనే ఆ అంకె కూడా ప్రెస్‌మీట్‌లో చెబితే వింటాం. మీ పత్రికా తక్కువేం తినలేదు. ‘బైక్ అదుపు తప్పి లారీ కింద పడి యువకుడి మృతి’. అదుపు తప్పిందని చెప్పిందెవరు? లారీ డ్రైవరేగా!

చేయాలనుంటే దారి ఎదురుగానే ఉంది. విశాఖలో బరువు బళ్లు ఎక్కడికెళ్తాయో అందరికీ తెలుసు: పోర్టు, గంగవరం, స్టీల్ ప్లాంట్, పరవాడ ఫార్మాసిటీ. వీటన్నిటికీ గేట్లున్నాయి, గేటు పాసులున్నాయి. ఆ గేటు దగ్గరే కొలత టేపు పట్టుకుని గార్డు ఎత్తు చూడండి, కమ్మీని ఒక తోపు తోయండి, ఎడమ అద్దంలో మనిషి కనిపిస్తున్నాడో లేదో డ్రైవర్నడగండి, రేడియం టేపు తుడిపించండి. లేని బండికి లోడు ఇవ్వకుండా వెనక్కి పంపండి. ఎఫ్‌సీ రోజుకి గార్డు అరువు తెచ్చుకోవచ్చు, రోజూ వచ్చే గేటుకి తెచ్చుకోలేరు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రవాణా శాఖా, ట్రాఫిక్ పోలీసులూ, ఆ సంస్థల భద్రతాధికారులూ ఒక్క పూట కూర్చుంటే చాలు. వాళ్లు కూర్చునేలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. లారీ ప్రమాదం రాసిన ప్రతిసారీ ఆ బండికి పక్క గార్డు ఉందో లేదో, ఎఫ్‌సీ ఏ తేదీదో ఒక్క వాక్యం వేయండి.

– ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం