హ్యారీ పాటర్ ఖాజీపేటలో దిగితే

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్టుల మార్కులు, బస్సు టైమింగుల సంగతి క్లాస్ టీచర్లు డైరీలో రాసి పంపుతారు కాబట్టి ఈ నెల నేను ఒకే విషయం మీద రాస్తున్నాను. మన స్కూల్లో, ముఖ్యంగా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో, ఫ్యాన్‌ఫిక్షన్ రాసే పిల్లలు బాగా పెరిగారు. అంటే ఎవరో రాసిన కథలోని పాత్రల్ని తీసుకుని వీళ్లు ఇంకో కథ అల్లుతారు. సినిమాలో చనిపోయినవాణ్ని బతికిస్తారు, నవల అయిపోయిన చోట నుంచి మళ్లీ మొదలుపెడతారు, విలన్ చిన్నప్పుడు ఎట్లా ఉండేవాడో రాస్తారు. రఫ్ నోటు వెనక పేజీల్లో మొదలై ఫోన్లోకి, అక్కడి నుంచి కథల యాప్‌లలోకి పోతోంది. మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు బిడ్డ నోటుబుక్కు నా టేబుల్ మీద పెట్టి, "మేడం, ఇది కాపీ కొట్టుడే కదా? పరీక్షలో కాపీ కొడితే బయటికి పంపుతరు, మరి దీనికేం చేస్తరు?" అని అడిగారు. సరైన ప్రశ్నే. నిలబడి రెండు మాటల్లో చెప్పేది కాదు కాబట్టి ఈ ఉత్తరం.

ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే నోటుబుక్కు మొత్తం చదివాను, ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను. కథలో హ్యారీ పాటర్ ఎక్కిన రైలు దారి తప్పి ఖాజీపేట జంక్షన్‌లో ఆగుతుంది. పిల్లవాడు దిగుతాడు, తీసుకెళ్లడానికి ఎవరూ రారు. ఓవర్ బ్రిడ్జి మెట్ల కింద సీతాఫలాల గంప పెట్టుకున్న ఒక అవ్వ, "ఎవ్వల పిలగానివిరా, తిన్నవా?" అంటుంది. వాడికి భాష రాదు, పండు మాత్రం తీసుకుంటాడు. అవ్వ వాడి నుదుటి మీది మచ్చ చూసి దెబ్బ తగిలిందనుకుని, కొంగుముడి విప్పి చిటికెడు పసుపు అద్దుతుంది. నేను అక్కడ కాసేపు ఆగిపోయాను. రౌలింగ్ రాసిన హ్యారీ పాటర్ పుస్తకాల్లో ఆ మచ్చను చూసి గుసగుసలాడేవాళ్లు, గౌరవించేవాళ్లు, ద్వేషించేవాళ్లు ఉన్నారు. దాన్ని మామూలు గాయంలా చూసి మందు రాసే మనిషిని మాత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి తన ఊరి నుంచి తీసుకొచ్చి పెట్టింది. చివరి పేజీలో ఒక లైను రాసుకుంది: "హ్యారీ, రైలు రౌలింగ్ గారివి. అవ్వ మాది."

ఆ ఒక్క లైను ఉన్నందుకే దీన్ని నేను కాపీ అనను.

ఇంకో సంగతి చెప్తాను, ఇదీ మన స్కూలుదే. మన పత్రికకు ఒక అబ్బాయి మంచి కథ ఇచ్చాడు. మనుషుల పేర్లు, ఊరి పేరు మన వైపువే. తెలుగు సార్‌కు అనుమానం వచ్చి వెతికితే, ఇప్పుడు రాస్తున్న ఒక రచయిత కథ అది, మొదటి నుంచి చివరిదాకా అదే వరుస, సగం డైలాగులు అవే, పేర్లు మాత్రమే మారాయి. పిల్లవాడు అమాయకంగా "పేర్లు మార్చిన కదా సార్" అన్నాడు. దయచేసి ఈ తేడా ఇంట్లో పిల్లలతో మాట్లాడండి. పేర్లు అట్లాగే ఉంచి రాసినవాళ్లు ఎవరి దగ్గర తీసుకున్నారో అందరి ముందూ ఒప్పుకుంటున్నట్టే. తీసుకున్నదంతా ఉంచుకుని పేర్లు మార్చినవాళ్లు దాన్ని దాస్తున్నారు. బయటికి మొదటిదే కాపీలా కనిపిస్తుంది, కానీ నన్ను బాధపెట్టింది రెండోది.

పిల్లలకు ఈ గీత ఎక్కడుందో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. బతుకమ్మ పాటలు వింటూ పెరిగినవాళ్లు. అమ్మమ్మ పాడిన చరణానికి అత్తమ్మ ఇంకో చరణం కలుపుతుంది, చివర ఉయ్యాలో అంటే చాలు పాటలో కలిసిపోతుంది, ఎవరు కట్టారని ఎవరూ అడగరు. ఒగ్గు కథ చెప్పేవాళ్లు అదే మల్లన్న కథను ఊరూరికీ పెంచి, తగ్గించి చెప్తారు. అది అందరి సొత్తు, అట్లాగే ఉండాలి. కానీ ఒక మనిషి కూర్చుని ఏళ్ల తరబడి రాసి తన పేరు పెట్టుకున్న పుస్తకం సంగతి వేరు, ఈ మాట పెద్దవాళ్లం మనమే చెప్పాలి.

పేరు పెట్టుకున్న కావ్యాన్ని ఇంకొకరు ముట్టుకోవడమూ మనకు కొత్త కాదు. పాలకుర్తి పక్కన బమ్మెరకు పిల్లల్ని టూర్‌కు తీసుకెళ్తుంటాం కదా, పోతన భాగవతం మొత్తం పోతన రాసింది కాదని అక్కడ చెప్తే నోళ్లు తెరుస్తారు. అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. పోతనంతటివాడి పుస్తకంలో చేరి రాశారు, కానీ ఎవరూ పోతన పేరు చాటున దాక్కోలేదు. స్కంధం చివర గద్యలో ఇది ఫలానావాడు రాసింది అని చెప్పుకున్నారు. నారయ అయితే తాను పోతనకు ప్రియశిష్యుణ్నని కూడా చెప్పుకున్నాడు. ఖాజీపేట కథ రాసిన అమ్మాయి చివరి పేజీ లైను చూడగానే నాకు ఈ గద్యే గుర్తొచ్చింది.

బతికున్న రచయితల దగ్గరికి వస్తే వాళ్ల ఇష్టం కూడా చూడాలి. అభిమానులు కథలు రాస్తే రౌలింగ్‌కు సంతోషమేనని, అమ్ముకోకూడదు, అసభ్యంగా ఉండకూడదు అని ఆమె ఏజెంట్లు 2004లోనే చెప్పారు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మాత్రం తన పాత్రలతో రాయొద్దనే అంటారు. వద్దన్నవాళ్ల పాత్రలతో రాసింది నోటుబుక్కులోనే ఉండనివ్వండి, బయట పెట్టొద్దు. కోర్టుకు ఈడుస్తారనే భయంతో చెప్పడం లేదు, వద్దన్న మనిషి మాటకు మనం విలువ ఇవ్వాలి కదా.

చట్టం గురించి కొంచెం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాళోజీ 2002లో పోయారు, అంటే ఆయన కవితల మీద 2062 చివరిదాకా హక్కు ఉంటుంది, భాషా దినోత్సవానికి వాటిని అటూ ఇటూ మార్చి వీడియోలు చేసి పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. సొంత వాడకానికీ, విమర్శకీ, సమీక్షకీ న్యాయంగా వాడుకుంటే చట్టం ఒప్పుకుంటుంది. హక్కులు అమ్మేసుకున్నాక కూడా, తన రచనను వక్రీకరించి పరువు తీస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకు 57వ సెక్షన్ ఇస్తుంది. 1996లో కేరళ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. తోప్పిల్ భాసి రాసిన పేరున్న నాటకానికి జవాబుగా సివిక్ చంద్రన్ అవే పాత్రలతో, కొన్ని అవే మాటలతో ఎదురు నాటకం రాశారు. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు నాటకానికి ఇది పోటీ అవుతుందా అని కోర్టు చూసింది. విమర్శించడానికే తీసుకున్నారు కాబట్టి తప్పు లేదంది. ఈ మూడు ప్రశ్నలూ పిల్లలు రాసే కథలకు కూడా బాగా పనికొస్తాయి, తొమ్మిదో తరగతిలో నేనే ఒక పీరియడ్ తీసుకుని చెప్తున్నాను.

ఒక్క చోట మాత్రం నేను ఏ సర్దుబాటుకూ ఒప్పుకోను. నిజం మనుషుల మీద కథలు. పదో తరగతి గ్రూపులో ఇద్దరు క్లాస్‌మేట్లకు ప్రేమ అంటగట్టి, ఎపిసోడ్లుగా కథ రాసి తిప్పారు. దానికి ఫ్యాన్‌ఫిక్షన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ అమ్మాయి కొన్ని రోజులు స్కూలుకు రాలేదు, ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. కాగితం మీది పాత్రకు నొప్పి ఉండదు, రేపు పొద్దున అసెంబ్లీలో నిలబడాల్సిన పిల్లకు ఉంటుంది. సినిమా హీరోలు, హీరోయిన్ల మీద రాసే వెకిలి కథలకూ ఇదే మాట. ఇట్లాంటిది మీ పిల్లల ఫోన్లో కనిపిస్తే ఫార్వర్డ్ చేయకుండా నాకు చెప్పండి.

ఇక ఆ నాన్నగారి ప్రశ్నకు జవాబు. ఇట్లాంటి కథలకు మన స్కూల్లో శిక్ష ఉండదు, లెక్కల పీరియడ్‌లో రాస్తే తప్ప. ఈ ఏడాది మన పత్రికలో వాటికి పేజీలు ఇస్తున్నాం. కథ కింద ఎవరి పాత్రలు, ఏ పుస్తకం, ఏది తమ సొంతం అని రాయాల్సిందే, లేకపోతే తీసుకోం. పత్రికను అమ్మం, ఆన్‌లైన్‌లో పెట్టం. ఏ బెంగా లేకుండా రాయాలనుకునేవాళ్లకు మన తెలుగు సార్, వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన 'ప్రజల మనిషి' నవల చదివిస్తున్నారు. ఆళ్వారుస్వామి 1961లో పోయారు, 2022 నుంచి ఆ నవల మీద కాపీరైట్ లేదు. ఆ నవల నాయకుడు కంఠీరవం ఇవాళ మన ఊరికి వస్తే ఏం చేస్తాడో రాయమన్నాం, ఇప్పటికే కొన్ని కథలు వచ్చాయి, వాటిలో ఒకదాంట్లో ఆయన ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర లైన్లో నిలబడ్డాడు.

కథలు దసరా సెలవుల తర్వాత మొదటి శనివారం లైబ్రరీ పీరియడ్‌లో తీసుకుంటాం. ఇంట్లో ఒకసారి చదివి వినిపించమని అడగండి. సిగ్గుపడి దాచుకుంటే మాత్రం బ్యాగులు వెతకొద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ