బెంగళూరులో తినడం గురించి పాపకు

అనంతపురం

పాపా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాం. మీ అమ్మ ఒక్కో ప్లేటునూ పెద్దది చేసి చూసి, "ఇంత పళ్లెంలో ఇంతేనా పెట్టేది?" అంది. ఆదివారానికొక కొత్త హోటల్ అని మీ రూమ్ పిల్లలు పెట్టుకున్న నియమం మాత్రం నాకు నచ్చింది. సంపాదించే వయసులో తినకపోతే ఇంకెప్పుడు తింటారు! కాకపోతే నువ్వు చెప్పిన పేర్లన్నీ కోరమంగళ, ఇందిరానగర్‌వే. పాత టిఫిన్ హోటళ్లుండే బసవనగుడి వైపు ఒక్కటీ లేదు. చీనీకాయల లోడుతో ఆ ఊరికి తిరిగినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నా. ఫోన్లో చెప్తే "సరే నాన్నా" అని పెట్టేస్తావు.

రాత్రి ఇక్కడ లారీ ఎక్కితే తెల్లారేసరికి కె.ఆర్. మార్కెట్లో ఉండేవాళ్లం. కాయ అమ్ముడుపోయి, లెక్క చేతికొచ్చేసరికి కడుపులో ఎలుకలు పరుగెత్తేవి. మండీ గుమాస్తా ఒకాయన అప్పట్లో నాకో మాట చెప్పాడు. కొత్త హోటల్లో మెనూ చదవొద్దు, చుట్టూ ఉన్న టేబుళ్ల మీద ఎక్కువగా ఏం కనపడుతోందో చూసి అదే చెప్పు అన్నాడు. ఆ పద్ధతి ఇంతవరకూ నన్ను మోసం చెయ్యలేదు. ఏ హోటల్‌కైనా చెయ్యి తిరిగిన వంటకం ఒకటో రెండో ఉంటాయి. మిగతావి మెనూ నింపడానికి పెట్టుకున్నవే.

లాల్‌బాగ్ రోడ్డులో ఎం.టి.ఆర్., అంటే మావళ్లి టిఫిన్ రూమ్స్‌లో అలా కనపడేది రవ్వ ఇడ్లీ. 1924లో మొదలైన హోటల్ అది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కటకట వస్తే రవ్వతో ఇడ్లీ వేసి చూశామని, అది అలా పుట్టిందని వాళ్లే చెప్తారు. మన ఇంట్లో ఉప్మా రవ్వతో చేసే ఇడ్లీని మనసులో పెట్టుకుని పోవద్దు. పెరుగు పులుపు, ఆవాల తాలింపు, అక్కడక్కడా జీడిపప్పు, పక్కన కుర్మా లాంటి ఆలుగడ్డ సాగు, చిన్న గిన్నెలో కరిగిన నెయ్యి. ఇడ్లీని ముందే తుంచి, పొగలు పోకముందే ఆ నెయ్యి పోసెయ్. చల్లారితే సగం రుచి పోతుంది. ఫోటో తర్వాత తీసుకో. మీ అమ్మ కొనే ఆ కంపెనీ ప్యాకెట్ల వెనక కూడా ఒక కథ ఉంది. ఎమర్జెన్సీలో ప్రభుత్వం హోటళ్ల రేట్లు తగ్గించమంది. ఆ రేటుకు గిట్టుబాటు కాక, వాళ్లు రెడీమిక్సుల మీద పడ్డారు.

శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965 నుంచి ఉంది. అక్కడ నిలబడి తినాల్సిందే. ఇడ్లీ, వడ, ఖారాబాత్ అనే ఉప్మా, కేసరిబాత్ అనే రవ్వకేసరి, కాఫీ, అంతే. సాంబారు ఉండదు. ప్లేటు పట్టుకుని చట్నీ ఆయన దగ్గరికి పోతే ఇడ్లీ మునిగేదాకా గరిటెతో పోస్తాడు, మళ్లీ పోతే మళ్లీ పోస్తాడు. నాతో వచ్చిన లారీ డ్రైవర్ సాంబారు లేని హోటలేంటని మొదట గునిశాడు. తర్వాత చూస్తే మనిషి చట్నీకి క్యూలో ఉన్నాడు, ఇడ్లీలు ఎప్పుడో అయిపోయి ఒట్టి ప్లేటుతో.

గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్ 1943 నాటిది. అక్కడ దోసె తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు. శుక్రవారం సెలవు. ఆదివారం పోతే పేరు రాయించుకుని వాకిట్లో పడిగాపులు పడాలి, కాబట్టి నీకు ఆఫీసు లేని రోజు ఏదైనా వారం మధ్యలో వస్తే పొద్దున్నే పో. సప్లయర్ ముంజేతి నుంచి భుజం దాకా దోసె ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, ఇంకో చేత్తో ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పెడుతూ పోతాడు. ఒక్కటి జారదు. మన ఎర్రకారం దోసె కాదది. సైజులో చిన్నది, మందంగా ఉంటుంది, పైన కరకరమంటుంది, లోపల మెత్తగా ఉంటుంది. చట్నీ పలచగా తెచ్చి దోసె మీదే పోస్తారు. కారం లేదని మొహం మాడ్చుకోకు. మన కారాన్ని అక్కడ వెతికితే వాళ్ల దోసె నీకు దొరకదు. సాంబారులో బెల్లం సంగతీ ఇంతే. ఉడుపి వాళ్లు వచ్చి పెట్టిన హోటళ్లు కదా, వాళ్ల వంట తీరది. మొదట్లో నువ్వు ఏడ్చినంత పని చేశావు, ఇప్పుడు మెస్సులో ఆ సాంబారే రెండోసారి పోయించుకుంటున్నావని విన్నా.

మాంసం తినాలనిపిస్తే మిలిటరీ హోటల్‌కు పో. మాంసం వండే హోటళ్లకు అక్కడ ఆ పేరు. జయనగర్‌లో శివాజీ మిలిటరీ హోటల్ ఉంది, ఆకు దొన్నెలో బిర్యాని పెడతారు. పొడుగు బియ్యం కాదు, చిట్టి బియ్యం. పుదీనా కొత్తిమీర ఎక్కువ. మధ్యాహ్నం ఆలస్యం చేస్తే గిన్నెలు కడుగుతూ కనపడతారు. అలాంటి హోటళ్లలో ముద్దె కూడా తిని చూడు. మన సంగటిలో బియ్యం కలుస్తాయి, వాళ్లది ఒట్టి రాగిపిండి. నమలకూడదు. కొంచెం తుంచి, పులుసులో ముంచి మింగెయ్యడమే. నమిలితే పళ్లకు అంటుకుని పక్క టేబుల్ వాళ్లు నవ్వుతారు.

మన తిండి మీదికే మనసు పోతే రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున ఉంది. అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి. ఆంధ్రా చిల్లీ చికెన్ అని పచ్చిమిరపకాయలు దట్టించినది అక్కడే కాదు, ఆ ఊళ్లో ఆంధ్రా హోటళ్లన్నిట్లోనూ ఉంటుంది. మన ఇళ్లల్లో ఎవరూ వండగా నేను చూడలేదు, అయినా బాగుంటుంది, తిను.

ఇప్పుడు నీ బిల్లు సంగతి. పోయిన వారం మీరు గంటసేపు నిలబడి తిన్నారే, గోడ నిండా ప్లాస్టిక్ తీగలు వేలాడుతున్న ఆ చోటు. పిజ్జా, బిర్యాని, మోమో, దోసె అన్నీ ఒకే వంటింట్లోంచి వస్తున్నాయంటేనే నాకు అనుమానం. ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేస్తారు, ఇంకేం చేస్తారు? ఫోన్లో చుక్కలు ఎన్ని ఉన్నాయో చూసుకుని పోయారు. ఆ చుక్కలు ఇచ్చిన వాళ్లు ఏం తిన్నారో చదివారా? ఇక బిల్లులో 10 శాతం సర్వీస్ చార్జి పడింది చూడు. అది పన్ను కాదు. జీఎస్టీ 5 శాతం వేరే గీతలో ఉంది, అది కట్టక తప్పదు. సర్వీస్ చార్జిని మనల్ని అడక్కుండా బిల్లులో వెయ్యకూడదని వినియోగదారుల అథారిటీ 2022లోనే చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఈసారి నవ్వుతూనే "ఇది తీసెయ్యండి" అను. గొడవ వద్దు. వడ్డించిన అబ్బాయికి ఇవ్వాలనుకున్నది వాడి చేతికే ఇవ్వు.

అందరూ కలిసి పోయినప్పుడు తలా ఒకటి చెప్పుకుని కడుపు నింపుకోవద్దు. ఒక చోట ఇడ్లీ, ఇంకో చోట దోసె, మూడో చోట కాఫీ. ఆ ఊళ్లో బై-టూ అంటే ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇస్తారు, ఎవరూ తప్పుగా అనుకోరు. పొద్దున మెట్రో ఎక్కి నేషనల్ కాలేజ్ స్టేషన్లో దిగితే నడుచుకుంటూనే ఈ ఇడ్లీ, దోసె హోటళ్లన్నీ తిరగొచ్చు. సాయంత్రం దాకా ఉంటే సజ్జన్‌రావ్ సర్కిల్ పక్కన వి.వి. పురం తిండి వీధి. చలికాలంలో ఆ వైపు అవరెకాయల మేళా కూడా పెడతారు. మన అనపకాయలే. దోసె మీద కూడా చల్లుతారు. మీ అమ్మ పితికిపప్పు పులుసుకు మాత్రం ఆమడ దూరం, ఇది ఆమె పక్కనుండి రాయించింది కాదు.

మీ రూమ్‌లో పాట్నా అమ్మాయికి ఉగ్గాని అంటే ఏంటో తెలియదన్నావు. సంక్రాంతికి వెంటబెట్టుకుని రా. ఇంట్లో వండించను, బండి దగ్గరికే తీసుకుపోతా. నానబెట్టిన బొరుగుల్లో నీళ్లు పిండేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ పెడతారు. ఆ పిల్ల ఎంత కారం తట్టుకుంటుందో ముందే కనుక్కో. ఎనిమిది దాటితే అడుగు బొరుగులే మిగులుతాయి, కాబట్టి ముందురోజు రాత్రికే దిగండి. పండగ ముందు రైలు టికెట్లు దొరకవు, ఈ వారమే చేయించు. డబ్బులు తక్కువైతే చెప్పు.

మీ నాన్న