నాయనమ్మ ఫోటోకు టేకు ఫ్రేము: అమ్మాయికి ఉత్తరం

చెన్నై

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నాయనమ్మ నలుపు తెలుపు ఫోటోకు నీ చేతులతోనే టేకు ఫ్రేము చేసి సంక్రాంతికి తెస్తానన్నావని అమ్మ చెప్పింది. నాకు ఎంతో సంతోషం కలిగింది. అయితే ఒక్క సంగతి మొదటినుంచీ మనసులో ఉంచుకో. నీవు దానిని తయారుచేసేది సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో, అది వేలాడవలసింది సముద్రపు గాలి తగిలే మన ముందుగదిలో. కర్ర ఎంపిక మొదలు గోడకు తగిలించడం దాకా ఏది చేసినా ఈ తేడాను దృష్టిలో పెట్టుకునే చేయాలి.

కర్ర తేమను పీల్చుకున్నప్పుడు పొడవులో దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందుచేత 45 డిగ్రీలకు కోసి అతికించిన మూల అక్కడి పొడి గాలిలో ఎంత చక్కగా కలిసినా, ఇక్కడికి వచ్చాక బయటి అంచు దగ్గర వెంట్రుకవాసి విచ్చుకుంటుంది. బద్ద ఎంత వెడల్పుగా ఉంటే ఆ సందు అంత పెద్దదవుతుంది. వెడల్పాటి ఫ్రేము చూపుకు గంభీరంగా ఉంటుందన్న మాట నిజమే కాని, ఈ ఫోటోకు 25 మి.మీ. బద్ద చాలు. టేకు మిగిలిన చాలా కర్రలకన్నా తక్కువ ఉబ్బుతుంది, చెదలను కూడా బాగా తట్టుకుంటుంది. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే తలుపుల, కిటికీల టేకు ఏళ్ళ తరబడి ఆరినది కనుక, అది దొరికితే కొత్త కర్ర కోసం చూడవద్దు.

అద్దం కూర్చునే గాడిని తీయడానికి ఇంట్లో యంత్రం ఉండదు. 25 మి.మీ. బద్ద వెనుక 19 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం గల మరొక బద్దను బయటి అంచులు కలిసేటట్లు అతికిస్తే లోపలివైపు 6 మి.మీ. గాడి దానంతట అదే ఏర్పడుతుంది. ఫోటో 8×10 అంగుళాలది, చుట్టూ 2 అంగుళాల మౌంట్ బోర్డు (ఫోటో చుట్టూ అంచులా వచ్చే దళసరి అట్ట) వస్తుంది కాబట్టి అద్దం 12×14 అంగుళాలు, అంటే సుమారు 305×356 మి.మీ. అవుతుంది. అద్దం బిగుసుకోకుండా 3 మి.మీ. వదులు కలుపుకుంటే, బద్దల బయటి పొడవు రెండింటికి 397 మి.మీ., మిగిలిన రెండింటికి 346 మి.మీ. ఉండాలి. రంపపు కోతలో పోయేదానితో కలిపి ముందు బద్దకు 6 అడుగులు, వెనుక బద్దకు 6 అడుగుల కర్ర సరిపోతుంది.

కోతకు మైటర్ బాక్సు, అంటే రంపం సరిగా 45 డిగ్రీలకు నడిచేటట్లు గాట్లు ఉన్న పెట్టె, తప్పనిసరి. ఎనిమిది కోతల్లో ఒక్కొక్కటి అర డిగ్రీ చొప్పున ఒకేవైపు తప్పినా, చివరి మూలకు వచ్చేసరికి ఆ తేడా 4 డిగ్రీలు అవుతుంది. అంత సందును ఏ లప్పమూ దాచలేదు. అయితే కోణం కన్నా ముఖ్యమైనది ఎదురెదురు బద్దల పొడవు. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి కొనలపై వేలు పెట్టి రాస్తే, కంటికి కనపడని హెచ్చుతగ్గు కూడా గోటికి తగులుతుంది. ఆ తగలడం పోయేదాకా గరుకు కాగితంతో రుద్దు.

కోసిన కొన తెరిచి ఉన్న గొట్టాల కట్ట వంటిది, వేసిన జిగురునంతా లోపలికి లాగేసుకుంటుంది. అందువల్ల ముందు పలుచగా ఒక పూత పూసి, కొద్ది నిమిషాలు ఆగి, మళ్ళీ పూసి అప్పుడు కలపాలి. నీటిని తట్టుకునే ఫెవికాల్ మెరైన్ వాడడం మంచిది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక, అతికించే ముందు థిన్నర్‌తో తుడవడం మరువవద్దు. చుట్టూ తాడు బిగించి, దారంతో ఎదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానమో కాదో చూసుకుని, ఒక రోజంతా కదపకుండా ఉంచు. జిగురు ఆరాక ప్రతి మూలకూ బయటినుంచి రంపంతో అడ్డగాటు పెట్టి, అందులో పలుచని టేకు ముక్కను జిగురుతో దిగ్గొట్టాలి. చెన్నై తేమకు మూల విచ్చుకోకుండా పట్టి ఉంచేది ప్రధానంగా ఈ ముక్కే, దీనిని దయచేసి మానవద్దు. వార్నిష్ ముందువైపే కాక వెనుకా, గాడిలోనూ పూయాలి, ఎందుకంటే పూత లేని వైపునుంచి తేమ సులభంగా లోపలికి పోతుంది.

ఇక ఫోటో. ఆ కాలపు ఫోటో పైపొర జెలటిన్‌ది, తేమకు మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. అలా అంటుకున్న ఫోటోను లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. నాయనమ్మవి మనకున్నవి ఎన్ని ఫోటోలో నీకు తెలుసు. కాబట్టి అద్దానికి, ఫోటోకు మధ్య మౌంట్ బోర్డు మందం కచ్చితంగా ఉండాలి, ఆ బోర్డు ఆమ్లం లేనిది కావాలి. ఫోటోను జిగురుతో కాని సెల్లోటేపుతో కాని అతికించవద్దు. నాలుగు మూలలకూ కాగితపు జేబులు చేసి అందులో నిలబెట్టు. వెనుక పలకను మేకులతో కాక చిన్న స్క్రూలతో బిగిస్తే, వానాకాలం తరువాత నేను విప్పి లోపల బూజు పట్టిందేమో చూడగలుగుతాను.

కింది రెండు మూలల వెనుక బిరడా ముక్కలు అతికించు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు మన గోడ చెమ్మగిల్లుతుంది, ఫ్రేముకూ గోడకూ మధ్య గాలి ఆడాలి. తగిలించడానికి ఒక్క మేకు కాక రెండు కావాలి, అప్పుడే ఫ్రేము పక్కకు ఒరగదు. వెనుక కొక్కేలు బిగించాక వాటి మధ్య దూరం ఫోనులో చెప్పు, నీవు వచ్చేలోగా నేను గోడకు మేకులు కొట్టించి ఉంచుతాను.

ఇట్లు,
మీ నాన్న