పాలకో గిన్నె, మాంసానికో గిన్నె

అయ్యా,

యూదుల తిండి నియమాలైన కోషర్ అంటే పందిమాంసం తినకపోవడమే అనుకుంటారు చాలామంది. ఇజ్రాయెల్‌లో ఒక యూదు అవ్వను చూసుకుంటూ ఆరేళ్లు ఆ వంటింట్లో మసిలినదాన్ని, అందుకే రాస్తున్నా. పాలకూ మాంసానికీ గిన్నెలు, గరిటెలు, ఆఖరికి తోమే పీచు కూడా వేరే. మేకపిల్లను తల్లిపాలలో ఉడికించొద్దని వాళ్ల పవిత్ర గ్రంథం తోరాలో మూడుచోట్ల ఉంది. మాంసం కూర తిన్నాక 6 గంటలదాకా ఆ అవ్వ పాల టీ ముట్టేది కాదు. కొత్తలో పెరుగు గరిటె కోడికూరలో పెట్టి చీవాట్లు తిన్నా! చేపకు పొలుసులు, రెక్కలు ఉండాల; రొయ్యలు కూడదు. గుడ్డు పగలగొడితే నెత్తుటి చుక్క ఉందేమో చూడాల. మన పప్పులు, శనక్కాయలు మాత్రం పాలతోనూ మాంసంతోనూ కలుస్తాయి. వంట నాదే అయినా పొయ్యి ఆమే వెలిగించేది, అదీ నియమమే. మా జేజి మడి గుర్తొచ్చేది.

– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా